కలకత్తా జాజ్: సాధనతో సొంతమైన సంగీతం

1945 ఏప్రిల్ 25న కలకత్తా నగరంలో కలరా సోకి ఒక పియానో విద్వాంసుడు కన్నుమూశారు. ఆయన పేరు టెడ్డీ వెదర్‌ఫర్డ్. అప్పటికి ఆయన వయస్సు 41 సంవత్సరాలు. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో 1903లో జన్మించిన నల్లజాతి కళాకారుడాయన. చికాగోలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ సరసన వాయించి, షాంఘై, పారిస్, బొంబాయి నగరాలలో పేరు సంపాదించి, చివరకు చౌరంఘీలోని గ్రాండ్ హోటల్లో వాద్యబృందానికి నాయకుడైనారు. ప్రపంచ జాజ్ చరిత్రలు ఆయనకు ఒకటి రెండు పేరాలు కేటాయిస్తాయి. మన సంగీత చరిత్రలలో ఆ మాత్రం చోటు దొరకడం కూడా అరుదు. వారి దృష్టిలో ఆయన ఇల్లు విడిచి వెళ్ళిపోయినవారు. మన దృష్టిలో బయటినుంచి వచ్చినవారు. ఇద్దరి లెక్కలోనూ చేరని కళాకారులు ఆయన ఒక్కరే కాదు. కలకత్తా జాజ్ కథ అంతా దాదాపు అటువంటివారి కథే.

జాజ్ అనగానే మనలో చాలామందికి హోటలు విందులు, నృత్యశాలలు, సినిమాలలోని క్లబ్బు దృశ్యాలు స్ఫురిస్తాయి. ఈ భావన పూర్తిగా నిరాధారం కాదు. కలకత్తాలో జాజ్ బతికింది ప్రధానంగా హోటళ్ళలోనే. కాని పోషించిన చేతినిబట్టి కళ విలువను నిర్ణయించదలిస్తే, జమీందారుల దివాణాలలోనూ, దేవదాసీల మేళాలలోనూ పెరిగిన మన సంగీత నృత్యాలనే ముందుగా తోసిపుచ్చవలసి వస్తుంది. పోషకుని అభిరుచి వేరు, కళాకారుని సాధన వేరు. కలకత్తా జాజ్ విద్వాంసుల విషయంలో మన విమర్శ మొదటిదానిని చూసి, రెండవదానిని వినకుండానే తీర్పు చెప్పింది. ఆ తీర్పును పునఃపరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

ప్రక్రియ స్వభావం

పంతొమ్మిదో శతాబ్ది చివర, ఇరవయ్యో శతాబ్ది మొదట అమెరికా దక్షిణ ప్రాంతంలో, ప్రధానంగా న్యూ ఆర్లియన్స్ నగరంలో జాజ్ రూపుదిద్దుకుంది. బానిసత్వం నుంచి విముక్తులైన ఆఫ్రికా సంతతివారి శ్రామిక గీతాలు, భక్తి గీతాలు, బ్లూస్ అనే విషాద గీతాలు ఒకవైపు నుంచి వచ్చాయి. ఐరోపా వాద్యాలు, ఊరేగింపు బ్యాండ్లు మరొకవైపు నుంచి వచ్చాయి. ఈ రెండింటి కలయికలో పుట్టిన సంగీతానికి మూలలక్షణం ఒకటి ఉంది. ఇందులో ప్రదర్శకుడే రచయిత. ఒక గీతాన్ని మొదట అందరూ కలిసి వాయిస్తారు. తరువాత ఒక్కొక్కరు వంతులవారీగా, ఆ గీతం కట్టడాన్ని మనసులో నిలుపుకొని, అప్పటికప్పుడు కొత్త స్వరకల్పన చేస్తారు. చివర అందరూ మళ్ళీ మూలగీతాన్ని అందుకుంటారు.

పల్లవినీ, నెరవునూ, కల్పనస్వరాలనూ వినే అలవాటున్న తెలుగు శ్రోతకు ఈ పద్ధతి వింత కాదు. మనోధర్మం అనే మాట మనకు ఉగ్గుపాలతో వచ్చినదే. లయ విషయంలోనూ కొంత సామ్యం ఉంది. తాళఘాతానికి కొంచెం ముందో వెనుకో స్వరాన్ని నిలిపి నడకకు ఊపు తేవడం జాజ్‌కు ప్రాణం. అతీత, అనాగత గ్రహాల రుచి తెలిసినవారు దానిని సులభంగానే ఆనందించగలరు.

అయితే పోలికను ఇంతకంటె సాగదీయరాదు. కర్ణాటక విద్వాంసుడు ఒక రాగానికి కట్టుబడి, దాని జీవస్వరాలను, గమకాలను అన్వేషిస్తూ లోతుకు పోతాడు. జాజ్ విద్వాంసునికి కాలికింది నేల కదులుతూ ఉంటుంది. కొద్ది మాత్రలకొకసారి, ఒకేసారి మోగే స్వరాల మేళనం మారిపోతుంది. ఆ మార్పులన్నిటి మీదుగా తెగిపోని ఒక రాగరేఖను గీయడమే అతని విద్య. ఒకరిది బావి తవ్వే శ్రమ, మరొకరిది ఏరు దాటే నేర్పు. ఈ తేడాను గుర్తించనివారు జాజ్‌ను విని 'ఇందులో రాగభావం లేద'ని నిరాశపడతారు; మన సంగీతాన్ని విని 'ఇందులో మార్పు లేద'ని విసుగుపడే పాశ్చాత్య శ్రోత చేసే పొరపాటు కూడా ఇదే.

ప్రదర్శకుడే రచయిత అయిన కళలో మరొక చిక్కు ఉంది. వాగ్గేయకారుని కృతి ఆయన తరువాత కూడా శిష్యుల నోట బతుకుతుంది. జాజ్ విద్వాంసుని స్వరకల్పన ఆ రాత్రితో ముగుస్తుంది. ఎవరైనా ముద్రించి ఉంచితేనే మిగులుతుంది. అందుకే ఈ కళలో జీవితచరిత్రకు, ధ్వనిముద్రణకు ఇతర ప్రక్రియలలో లేనంత ప్రాముఖ్యం ఉంది. కలకత్తా విషయంలో మనం పోగొట్టుకున్నది ఈ రెండింటినే.

గ్రాండ్ హోటల్లో వెదర్‌ఫర్డ్

1926లో చికాగోలో అర్‌స్కిన్ టేట్ వాద్యబృందం ఇచ్చిన రికార్డులలో ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్‌తోపాటు వెదర్‌ఫర్డ్ పియానో కూడా వినిపిస్తుంది. అదే సంవత్సరం ఆయన జాక్ కార్టర్ బృందంతో తూర్పు ఆసియాకు ప్రయాణమయ్యారు. 1930వ దశకంలో షాంఘై నృత్యశాలలలో ఆయనకు ఎంత పలుకుబడి ఉండేదంటే, 1934లో అమెరికానుంచి ట్రంపెట్ విద్వాంసుడు బక్ క్లేటన్ బృందాన్ని ఆ నగరానికి రప్పించినది ఆయనే. 1937లో పారిస్‌లో ఆయన ఏకవాద్యంగా కొన్ని రికార్డులు ఇచ్చారు. బొంబాయి తాజ్‌మహల్ హోటల్లో కొంతకాలం వాయించి, 1940వ దశకం తొలి సంవత్సరాలలో కలకత్తాలో స్థిరపడ్డారు.

ఆయన వాదనలోని విశిష్టత ఎడమచేతిలో ఉంది. మంద్రస్థాయిలో ఒక స్వరాన్ని, మధ్యస్థాయిలో ఒక స్వరమేళనాన్ని మార్చి మార్చి మోగిస్తూ, మృదంగం పనినీ తంబురా పనినీ ఎడమచేయి ఒక్కటే నిర్వహించే పద్ధతిని స్ట్రైడ్ అంటారు. ఆ పునాది గట్టిగా ఉన్నప్పుడే కుడిచేతికి స్వేచ్ఛ లభిస్తుంది. పారిస్ ఏకవాద్య రికార్డులలో ఈ బలం స్పష్టంగా వినిపిస్తుంది. కలకత్తాలో కొలంబియా కంపెనీకి ఆయన బృందం ఇచ్చిన రికార్డులు ఇందుకు భిన్నమైనవి. అవి ఎక్కువగా ఆనాటి జనప్రియ నృత్యగీతాలు. అప్పటి రికార్డు ఒక్కొక్క వైపు సుమారు 3 నిమిషాలు మాత్రమే నడిచేది. గాయకుని చరణాలు పోగా పియానోకు మిగిలేది కొద్ది క్షణాలు. ఆ కొద్ది క్షణాలను ఆధారం చేసుకొని ఒక విద్వాంసుని శక్తిని తూచడం, మంగళహారతి ఒక్కటే విని కచేరీని విమర్శించడం వంటిది.

వాద్యబృందం కూర్పు కూడా గమనించదగినది. నాయకుడు అమెరికా నల్లజాతీయుడు. ట్రంపెట్ వాయించిన జార్జి బ్యాంక్స్ నేపాలీ. ఆయన అసలు పేరు పుష్కర్ బహదూర్ బుడాప్రీతి. జపాన్ సేనలు 1942లో బర్మాను ఆక్రమించిన తరువాత కలకత్తా చేరిన క్లారినెట్ విద్వాంసుడు రూబెన్ సాలమన్, గిటార్ విద్వాంసుడు సెడ్రిక్ వెస్ట్ ఆ వలయంలోనివారే. యుద్ధకాలంలో సైనికునిగా, నావికునిగా వచ్చిపోయే అమెరికన్లు ఆ వేదికమీద పాడేవారు. తరువాతి కాలంలో బ్లూస్ గాయకునిగా ప్రఖ్యాతి పొందిన జిమ్మీ విదర్‌స్పూన్ తొలిసారి శ్రోతల దృష్టికి వచ్చినది కలకత్తాలో, వెదర్‌ఫర్డ్ బృందంతో అమెరికా సైనిక రేడియోలో పాడినప్పుడే. ఆ రోజులలో అమెరికా సైన్యంలో నల్లవారి దళాలు, తెల్లవారి దళాలు వేరువేరుగా ఉండేవి. ఆ విభజనను రద్దు చేస్తూ ఉత్తర్వు వెలువడినది 1948లో. సైన్యం కలపలేనివారిని వాద్యబృందం కలిపింది.

ఈ చిత్రానికి రెండవ పార్శ్వం ఉంది. దానిని దాచడం విమర్శ ధర్మం కాదు. 1943లో బెంగాలును కబళించిన క్షామంలో 20 నుంచి 30 లక్షల మంది మరణించారని చరిత్రకారుల అంచనా. గంజికోసం పల్లెలనుంచి నగరానికి వచ్చినవారు కలకత్తా వీధులలోనే ప్రాణాలు విడిచారు. గ్రాండ్ హోటల్ లోపల సంగీతం ఆగలేదు. ఈ రెండు దృశ్యాలు ఒకే నగరంలో, ఒకే కాలంలో జరిగాయి. ఆ సంగీతాన్ని వినేటప్పుడు ఇది గుర్తుకు రాకపోతే మన వినికిడిలో లోపం ఉన్నట్లే. కాని ఆ దోషాన్ని సంపన్న శ్రోతలనుంచి తీసి, జీతానికి వాయించిన వాద్యకారుని తలకు చుట్టడం న్యాయం కాదు. నగరాన్ని పీడించిన వ్యాధులు హోటలు గుమ్మం దగ్గర ఆగలేదు. క్షామం తరువాత రెండేళ్ళలోపే వెదర్‌ఫర్డ్‌ను బలి తీసుకున్నది కూడా అటువంటి వ్యాధే.

పార్క్ స్ట్రీట్ తరం

స్వాతంత్ర్యానంతరం కలకత్తా జాజ్ కేంద్రం చౌరంఘీనుంచి దాని పక్కనే ఉన్న పార్క్ స్ట్రీట్‌కు జరిగింది. ట్రింకాస్, మోకాంబో, బ్లూ ఫాక్స్, మౌలిన్ రూజ్ వంటి భోజనశాలలు వాద్యబృందాలను పోషించాయి. వాద్యకారులలో అధికులు ఆంగ్లో ఇండియన్లు, గోవా క్రైస్తవులు, డార్జిలింగ్ ప్రాంతపు నేపాలీలు. గోవాలో చర్చి పాఠశాలలు పిల్లలకు చిన్ననాటినుంచే పాశ్చాత్య స్వరలిపి నేర్పేవి. ఆ విద్యతోనే అక్కడివారు కలకత్తా, బొంబాయి హోటళ్ళలో ఉద్యోగాలు సంపాదించారు. శంకర్ 1962లో ప్రచురించిన బెంగాలీ నవల 'చౌరంగీ'లోని హోటలు వాద్యబృంద నాయకుడు ప్రభాత్ చంద్ర గోమెజ్ పాత్ర ఈ వర్గానికి సాహిత్యంలో మిగిలిన ప్రతినిధి. విమర్శకులు గమనించకముందే నవలాకారుడు వారిని గమనించాడు.

జార్జి బ్యాంక్స్ తన అభిమాన విద్వాంసుడైన ఆర్మ్‌స్ట్రాంగ్ పేరును కుమారునికి పెట్టుకున్నారు. 1941లో డార్జిలింగ్‌లో జన్మించిన లూయీ బ్యాంక్స్ తండ్రివద్ద ప్రాథమిక విద్య నేర్చి, కొంతకాలం ఖాట్మండూలో వాయించి, 1970వ దశకంలో కలకత్తా చేరారు. బ్లూ ఫాక్స్‌లో ఆయన పియానో, గోవా విద్వాంసుడు బ్రాజ్ గొన్సాల్వెస్ శాక్సోఫోన్, పామ్ క్రెయిన్ గానం కలిసి ఒక కాలాన్ని నిర్మించాయి. వెదర్‌ఫర్డ్ తరంతో పోలిస్తే వీరి పద్ధతిలో స్పష్టమైన మార్పు కనిపిస్తుంది. తాళభారాన్ని ఎడమచేయి డ్రమ్స్‌కు, బాస్ వాద్యానికి అప్పగించింది, స్వరమేళనాలు సూక్ష్మమయ్యాయి, మౌనానికి విలువ పెరిగింది. చికాగోనుంచి వచ్చిన విద్య గ్రాండ్ హోటల్లో తండ్రికి, తండ్రినుంచి కుమారునికి అంది, రూపం మార్చుకొని కొనసాగింది. దీనిని గురుశిష్య పరంపర అనడానికి మనం ఎందుకు సంకోచించాలి?

రాహుల్ దేవ్ బర్మన్ బ్లూ ఫాక్స్‌లో లూయీ బ్యాంక్స్ వాదన విని 1977నాటి 'ముక్తి' చిత్రానికి ఆయనను బొంబాయి పిలిపించారు. తరువాత ఆయన అక్కడే స్థిరపడ్డారు. 1988 ఆగస్టు 15న దూరదర్శన్ తొలిసారి ప్రసారం చేసిన 'మిలే సుర్ మేరా తుమ్హారా' గీతాన్ని ఎరుగని భారతీయులు ఆ తరంలో అరుదు. అశోక్ పట్కీ స్వరపరచిన ఆ గీతపు వాద్యసంయోజనలో పాలుపంచుకున్నది ఈ పార్క్ స్ట్రీట్ పియానిస్టే. దేశసమైక్యతకు ప్రతీకగా ప్రభుత్వ మాధ్యమం వినిపించిన పాటలో ఆయన చేయి ఉంది. ఆయన పెరిగిన సంగీతానికి మాత్రం దేశీయ సంస్కృతి జాబితాలో పేరు లేదు.

అతిథులకు దక్కిన గౌరవం

ఇదే కాలంలో విదేశీ జాజ్ విద్వాంసులకు మనవద్ద లభించిన ఆదరణ వేరు. అమెరికా ప్రభుత్వం సాంస్కృతిక దూతలుగా పంపగా డేవ్ బ్రూబెక్ బృందం 1958లోను, డ్యూక్ ఎలింగ్టన్ బృందం 1963లోను భారతదేశంలో పర్యటించాయి. బ్రూబెక్ 1958లోనే 'కలకత్తా బ్లూస్' అనే రచనను ముద్రించారు. అందులో పియానో ఎడమచేయి తంబురాలా ఒకే ఆధారాన్ని పట్టి ఉంటుంది. డ్రమ్స్ వాద్యకారుడు జో మొరెల్లో కర్రలు పక్కన పెట్టి చేతులతో వాయిస్తారు. అందమైన రచనే. కాని అది ప్రయాణికుడు రాసుకున్న దినచర్య. ఎలింగ్టన్ 'ఫార్ ఈస్ట్ సూట్' అంతకంటె నిదానమైనది. చూసినదానిని వెంటనే అనుకరించక, కొంతకాలం మనసులో నానవేసి 1966లో ముద్రించినది. ఆ సంయమనమే దాని బలం.

ఈ ఇద్దరు అతిథులను పత్రికలు, ప్రముఖులు గౌరవంతో ఆహ్వానించారు. తప్పు లేదు. అదే సంగీతాన్ని ప్రతి రాత్రి పార్క్ స్ట్రీట్‌లో వాయించినవారిని మాత్రం భోజనానికి తోడుగా మోగే ధ్వనిగానే భావించాం. దూతగా వచ్చినప్పుడు కళ అయినది, ఉద్యోగంగా చేసినప్పుడు కాలక్షేపం ఎలా అవుతుంది?

రెండు దారులు

భారతీయ జాజ్‌ను గురించి మన విమర్శ సాధారణంగా అడిగే ప్రశ్న ఒక్కటే: 'ఇందులో భారతీయత ఎంత?' ఈ ప్రశ్నకు తలవంచి సమాధానం చెప్పినవారున్నారు, చెప్పడానికి నిరాకరించినవారున్నారు. ఇద్దరినీ వినాలి.

బ్రాజ్ గొన్సాల్వెస్ 1970లో 'రాగ రాక్' అనే రికార్డుతో రాగచ్ఛాయలను శాక్సోఫోన్‌లోకి తేవడానికి ప్రయత్నించారు. కొత్తదారి తొక్కడంలోని ఉత్సాహం, తొందర రెండూ అటువంటి ప్రయోగాలలో కనిపిస్తాయి. రాగం స్వరాల వరుస మాత్రమే కాదు, స్వరాల నడవడి కూడా. నడవడి లేకుండా వరుసను మాత్రమే తీసుకున్నప్పుడు అది అలంకారంగా మిగులుతుంది.

కార్ల్‌టన్ కిట్టో దారి ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. బెంగుళూరులో పుట్టి కలకత్తాను ఇల్లు చేసుకున్న ఈ ఆంగ్లో ఇండియన్ గిటార్ విద్వాంసుడు, అమెరికా గిటార్ విద్వాంసుడు చార్లీ క్రిస్టియన్‌ను మానసగురువుగా స్వీకరించి, 1940వ దశకపు బీబాప్ శైలిని జీవితాంతం సాధన చేశారు. రాగాన్ని మేళవించి మెప్పు పొందాలనే ప్రలోభానికి లొంగలేదు. పార్క్ స్ట్రీట్ వెలుగులు తగ్గి, తోటివారు బొంబాయికో విదేశాలకో వెళ్ళిపోయినా ఆయన నగరం విడవలేదు. కలకత్తా స్కూల్ ఆఫ్ మ్యూజిక్‌లోను, విడిగాను విద్యార్థులకు ఈ విద్య చెప్పారు. సుశీల్ కురియన్ ఆయన జీవితం ఆధారంగా 'ఫైండింగ్ కార్ల్‌టన్' అనే డాక్యుమెంటరీ చిత్రం తీశారు. 2016లో కిట్టో మరణించారు.

'అది అమెరికన్లను అనుకరించడమే కదా' అని ఎవరైనా అనవచ్చు. ఈ ఆక్షేపణకు సమాధానం మన ఇంటిలోనే ఉంది. ద్వారం వెంకటస్వామినాయుడు గారు విజయనగరంలో ఫిడేలుకు పట్టిన కీర్తి తెలుగువారికి గర్వకారణం. ఫిడేలు ఐరోపానుంచి వచ్చినది. హార్మోనియం కూడా అక్కడినుంచి వచ్చినదే. అది గమకానికి పనికిరాని పరదేశి వాద్యమన్న వాదంతో ఆకాశవాణి 1940లో దానిని నిషేధించింది. 1971లో గాని ఆ నిషేధం సడలలేదు. ఈలోగా ఆంధ్రదేశంలో హార్మోనియం లేని పద్యనాటకాన్ని ఎవరైనా ఊహించగలిగారా? అధికారిక జాబితాలకంటె జనం చెవి ముందుంటుందని ఈ ఉదంతం తెలుపుతుంది.

ద్వారం వారు పరాయి వాద్యాన్ని మన సంగీతంలోకి తెచ్చారు. కిట్టో తానే పరాయి సంగీతంలోకి వెళ్ళారు. దిశలు వేరైనా నియమం ఒక్కటే. ఏ విద్యను స్వీకరించారో ఆ విద్య వ్యాకరణానికి సంపూర్ణంగా లోబడటం, ఆ తరువాతనే స్వేచ్ఛ కోరడం. త్యాగరాజస్వామి కృతులను నిష్ఠగా నేర్చి పాడే విదేశీయుని మనం అనుకర్త అనము, సాధకుడంటాం. అదే గౌరవం కిట్టోకు కూడా చెందాలి.

రెండు సంగీతాల సమాగమం సార్థకమైన సందర్భాలను చూసినా ఇదే రుజువవుతుంది. పాలకొల్లులో జన్మించిన మాండొలిన్ శ్రీనివాస్ 1983లో, 14 ఏళ్ళ వయస్సులో, పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించి విదేశీ విద్వాంసులను ఆశ్చర్యపరిచారు. అక్కడ ఆయన జాజ్ వాయించలేదు. కర్ణాటక సంగీతమే వాయించారు. మైల్స్ డేవిస్ స్మృతిగా 2008లో వెలువడిన 'మైల్స్ ఫ్రమ్ ఇండియా' సంపుటిలో శ్రీనివాస్, లూయీ బ్యాంక్స్ ఇద్దరూ పాల్గొన్నారు. గోదావరి తీరపు బాలుడు, డార్జిలింగ్ కొండల పియానిస్టు ఒకే సంపుటిలో చేరడానికి కారణం ఇద్దరూ తమ తమ విద్యలలో నిలదొక్కుకొని ఉండడమే. సొంత వ్యాకరణం గట్టిగా తెలిసినవారే ఎదుటివారితో సంభాషించగలరు.

మిగిలిన బాధ్యత

1970వ దశకంనుంచి పార్క్ స్ట్రీట్ సంగీతం క్షీణించింది. రాజకీయ అలజడి, వినోదపు పన్ను భారం, విద్యుత్ కోతలు, ఆంగ్లో ఇండియన్ కుటుంబాల వలస, మారిన శ్రోతల అభిరుచి అందుకు కారణాలు. బ్లూ ఫాక్స్ మూతపడింది. పామ్ క్రెయిన్ 2013లో మరణించారు. నగరం పేరు 2001లో కోల్‌కతా అయింది. ట్రింకాస్ మిగిలి ఉంది. జాజ్ ఉత్సవాలు జరుగుతున్నాయి. యువకులు మళ్ళీ ఈ విద్యను అభ్యసిస్తున్నారు. కాని తమకంటె ముందు ఇదే నగరంలో ఇదే సంగీతాన్ని ఎవరు ఎలా వాయించారో వినడానికి వారికి దొరికేది స్వల్పం.

ఇక్కడే ప్రభుత్వ సంస్థల పాత్ర వస్తుంది. పురస్కారాలు, బిరుదులు తరువాతి మాట. రేడియో కేంద్రాలలో, రికార్డు కంపెనీల గిడ్డంగులలో, వాద్యకారుల ఇళ్ళలో మిగిలిన టేపులను సేకరించి భద్రపరచడం, ఆ తరంలో జీవించి ఉన్నవారి జ్ఞాపకాలను వారి కంఠాలతోనే ముద్రించడం తక్షణ కర్తవ్యం. వీధి నాటకాన్ని, తోలుబొమ్మలాటను కాపాడవలసిందే అని మనం ఆలస్యంగానైనా గ్రహించాం. హోటలు వేదికమీద వాయించిన విద్యకు కూడా ఆ న్యాయమే వర్తిస్తుంది.

కృతి మిగిలే కళకు ఆలస్యమైనా ప్రమాదం లేదు. తాళపత్రాలు వందేళ్ళ తరువాతనైనా దొరకవచ్చు. జాజ్‌కు ఆ వెసులుబాటు లేదు. ముద్రించని స్వరకల్పనను ఏ పరిశోధకుడూ తవ్వి తీయలేడు. ఇది ఎవరి సంగీతమన్న చర్చ ముగిసేవరకు ఆగితే, చర్చించడానికి సంగీతమే మిగలదు.